ఆకు లోపల కాపురం

మదనపల్లెలో ఎవరినైనా పలకరించండి, మూడో మాటకు టమోటా రేటు వచ్చేస్తుంది. టీ అంగడిలో అదే, బస్టాండులో అదే, పెళ్లి భోజనాల బంతిలోనూ అదే. ‘ఈ పొద్దు బాక్సు ఎంత పలికింది?’ అన్నది ఇక్కడ కుశలప్రశ్న లాంటిది. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో రేటు తర్వాత ఈ పదేళ్లుగా ఎక్కువగా వినబడే మాట ఇంకొకటుంది. అది ‘ఊజి’. తోటకు ఊజి పడిందంటే ఇంట్లో మనిషికి జబ్బు చేసినంత దిగులుగా చెబుతారు.

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. మా అమ్మమ్మగారి ఊరు పుంగనూరు దగ్గర. మేనమామ అక్కడ టమోటా పెడతాడు. మా అక్కను కుప్పం వైపు ఇచ్చాం. బావవాళ్లకు మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఉన్నాయి. సంక్రాంతి తర్వాత నాలుగు రోజులు సెలవు దొరికింది. అప్పుడే మామ ఫోన్లో ‘ఈ ఎండాకాలం తోట పెట్టేదా వద్దా అని ఆలోచన చేస్తా ఉండా అబ్బోడా. పోయిన తూరి ఊజి మింగేసింది’ అన్నాడు. మామకు అదొక్కటే పెద్ద పంట. దాని మీదే బ్యాంకు అప్పు, బోరు అప్పు, చిన్నదాని కాలేజీ ఫీజు. సెలవుల్లో అందరూ హార్స్‌లీ హిల్స్ ఎక్కుతారు కదా, నేను ఈ పురుగు వెంట తిరిగి చూద్దామనుకున్నా. మదనపల్లెలో మొదలుపెట్టి, పుంగనూరు మీదుగా కుప్పం దాకా.

బాక్సుల మధ్య

మదనపల్లె అంటే చదువుకున్నవాళ్లకు వేరే గుర్తులుంటాయి. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉండి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చిన ఊరిది. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు. కానీ తెల్లారకముందే టమోటా మార్కెట్ యార్డులోకి అడుగుపెడితే ఇవేవీ గుర్తుకు రావు. ట్రాక్టర్లు, మినీ లారీలు, ఆటోలు, ఎటు చూసినా ప్లాస్టిక్ బాక్సుల గోడలు. ఒక్కో బాక్సులో పాతిక నుంచి ముప్ఫై కిలోల కాయ. మండీల ముందు వేలంపాట మొదలైతే చెవులు గింగుర్లెత్తుతాయి. ఆసియాలోనే పెద్ద టమోటా మార్కెట్ మాదేనని ఇక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. 2023 జూలై ఆఖర్లో మొదటి రకం కిలో 200 రూపాయల దగ్గరకు వెళ్లింది ఈ యార్డులోనే. రెండు నెలలు తిరగకుండానే కోత కూలి కూడా గిట్టని స్థితికి రేటు జారిపోయిందీ ఇక్కడే.

ఒక మండీ ముందు ఆడవాళ్లు కాయలు ఏరుతున్నారు. మంచివి ఒక బాక్సులోకి, మచ్చ కాయలు ఇంకో బాక్సులోకి పోతున్నాయి. వాళ్ల చేతులు ఎంత వేగంగా కదులుతాయంటే, వాళ్లు కాయను చూస్తున్నారా, తడుముతున్నారా అన్నది మనకు తెలియదు.

“ఊజి కాయ ఎట్లా కనుక్కుంటావక్కా?” అని అడిగా.

ఆమె ఒక కాయ తీసి తొడిమ పక్కకు తిప్పి చూపించింది. గుండుసూదితో గుచ్చినంత చిన్న బొక్క. “ఇంతే నాయినా. బయట చూస్తే ఏమీ ఉండదు. కోస్తే లోపలంతా దారులే” అంది. గోటితో చీల్చింది. లోపల గోధుమరంగు సొరంగం, అందులో నల్లటి పెంట. ఇంగ్లీషులో దీన్ని గుండుసూది పురుగు అనడం ఊరికే కాదు.

ఆ చిన్న బొక్కతో వచ్చే నష్టం ఆ ఒక్క కాయతో ఆగదు. దాంట్లోంచి బూజు, బాక్టీరియా దిగుతాయి. లారీ రెండు మూడు రోజులు ప్రయాణం చేసి వేరే రాష్ట్రం చేరేసరికి ఒక కాయ కుళ్లి చుట్టూ పది కాయల్ని కుళ్లబెడుతుంది. అందుకే వ్యాపారి ఒక బాక్సులో రెండు బొక్కలు చూశాడంటే ఆ లాటు మొత్తానికి రేటు తగ్గిస్తాడు. ఇంకో సంగతీ ఉంది. కాయలు పోయిన బాక్సులు ఖాళీగా తిరిగొస్తాయి కదా, వాటి మూలల్లో అంటుకుని పురుగులు, వాటి గూళ్లు కూడా ప్రయాణం చేస్తాయి. ఈ పురుగు దేశాలు దాటిన దారుల్లో కాయలు, నారు, ఖాళీ పెట్టెలు ముఖ్యమైనవి.

పేరులోనే తిరకాసు

నిజానికి ‘ఊజి’ ఈ పురుగు పేరు కాదు. ఊజి అంటే పట్టుపురుగుల మీద గుడ్డుపెట్టే ఒక ఈగ. దాని పిల్ల పట్టుపురుగు ఒంట్లోకి దిగి తినేస్తుంది. 1980లో బెంగాల్ నుంచి వచ్చిన పట్టుగూళ్లతో పాటు అది కర్ణాటకలోకి దిగి, పట్టు రైతుల్ని ఏడిపించింది. పడమటి మండలాల్లో పట్టు, టమోటా పక్కపక్కనే ఉంటాయి. ఎక్కడినుంచో వచ్చి లోపలి నుంచి తినే కొత్త పురుగును చూసి, అప్పటికే తెలిసిన భయం పేరును దీనికి తగిలించారని నాకనిపిస్తుంది.

టమోటాకు వచ్చింది ఈగ కాదు, రెక్కల పురుగు. మనం దీపం చుట్టూ తిరిగే మిడతలనీ పురుగులనీ అనేస్తామే, ఆ చిమ్మెటల జాతి. శాస్త్రం పేరు టూటా అబ్సల్యూటా. పెరూ దేశం నుంచి వచ్చిన నమూనా చూసి, ఎడ్వర్డ్ మేరిక్ అనే ఇంగ్లీషు బడిపంతులు 1917లో దీన్ని శాస్త్ర ప్రపంచానికి పరిచయం చేశాడు. తర్వాత అది దక్షిణ అమెరికా టమోటా తోటలన్నిటినీ చుట్టేసింది. 2006లో స్పెయిన్‌లో కనిపించింది. అక్కడినుంచి మధ్యధరా దేశాలు, ఆఫ్రికా, పశ్చిమాసియా దాటుకుంటూ 2014లో మహారాష్ట్రలో పుణె వైపు దొరికింది. ఆ తర్వాత ఏడాది తిరిగేలోపే దక్షిణాది రాష్ట్రాల తోటల్లోకి వచ్చేసింది. స్పెయిన్ నుంచి పుణె దాకా ఎనిమిదేళ్లు. 2021లో శాస్త్రవేత్తలు దాన్ని బంగాళదుంప తొలిచే పురుగు ప్రజాతిలో కలిపి ‘థోరిమియా అబ్సల్యూటా’ అని పేరు మార్చారు. తోటలో మాత్రం దాని పని మారలేదు.

దీని చుట్టాలు మనకు కొత్త కాదు. పత్తిని నాశనం చేసే గులాబీ రంగు పురుగుదీ ఇదే కుటుంబం. మన వేరుశనగలో ఆకుముడత తెచ్చే పురుగూ అంతే. అది మొదట ఆకు లోపల తొలిచి తిని, కాస్త పెద్దయ్యాక బయటికొచ్చి, రెండు మూడు ఆకుల్ని దారంతో కుట్టి, ఆ మడతలో కూర్చుంటుంది. వానలు మొహం చాటేసిన ఏడాది చేను చేనంతా నిప్పు పెట్టినట్లు ఎర్రబడుతుంది. మా తాత కాలానికి వేరుశనగ ఆకుముడత, మామ కాలానికి టమోటా ఊజి. పంట మారింది, పురుగు కుటుంబం మాత్రం అదే.

సూర్యుడికి ఎదురుగా పట్టి చూస్తే

మదనపల్లె నుంచి పుంగనూరు దారి పొడుగునా కొండరాళ్లు, చెరువులు, మధ్యలో కట్టెలు పాతి తీగలు లాగిన టమోటా తోటలు. ఈ పీఠభూమి సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. అందుకే ఇక్కడ ఎండాకాలం కూడా టమోటా పూత నిలబడుతుంది. దిగువ ప్రాంతాల్లో వేడికి పూత రాలిపోయి కాయ లేనప్పుడు, మే నుంచి జూలై దాకా దేశానికి కాయ ఇచ్చే కొన్ని ప్రాంతాల్లో ఇదొకటి. పుంగనూరు పేరు చెబితే జనానికి పొట్టి ఆవులు గుర్తొస్తాయి. మా మామ ఇంటి ముందు మాత్రం డ్రిప్పు పైపుల చుట్టలే ఉంటాయి.

పొద్దున ఆరింటికే మామ తోటలోకి తీసుకెళ్లాడు. మంచు ఇంకా విడలేదు. “కొమ్మ ఊపి చూడు” అన్నాడు. ఊపితే బూడిదరంగులో బియ్యపు గింజంత పురుగులు రెండు మూడు లేచి, మళ్లీ పక్క ఆకుల కింద వాలాయి. రెక్కలు విప్పినా సెంటీమీటరుకు మించదు. వెండి బూడిద రంగు మీద నల్లటి చుక్కలు. పగలంతా ఆకుల మధ్య నక్కి ఉండి, మునిమాపున, తెల్లవారుజామున తిరుగుతుంది. ఇంత అల్పప్రాణి మా మామకు నిద్ర లేకుండా చేసిందంటే నమ్మబుద్ధి కాదు.

దాని కాపురం ఇలా నడుస్తుంది. ఆడపురుగు ఎక్కువగా ఆకు అడుగున ఒక్కో గుడ్డు విడివిడిగా పెడుతుంది. గుడ్డు మిల్లీమీటరులో సగం కూడా ఉండదు, లేత పసుపు రంగు. తన జీవితంలో 260 దాకా పెట్టగలదు. నాలుగైదు రోజులకు పిల్ల బయటికొచ్చి, కాసేపట్లోనే ఆకును కొరికి లోపలికి దూరుతుంది. ఆకంటే మనకు ఒక పొరలా కనిపిస్తుంది కానీ, దానికి పైన ఒక చర్మం, కింద ఒక చర్మం, మధ్యలో పచ్చటి గుజ్జు ఉంటాయి. ఈ పిల్ల రెండు చర్మాలనీ ముట్టుకోకుండా మధ్య గుజ్జు మాత్రమే తింటుంది. ఇల్లూ అదే, అన్నమూ అదే.

మామ ఒక ఆకు తుంచి సూర్యుడికి ఎదురుగా పట్టాడు. ఆకులో ఒక భాగం ట్రేసింగ్ కాగితంలా మారి ఉంది. ఆ కాగితం లోపల పచ్చటి పురుగు ఒకటి తల ఆడిస్తూ మేస్తోంది. ఒక మూలకు నల్లటి పెంట పోగు. మీ పెరట్లో టమోటా మొక్క ఉంటే మీరూ ఒకసారి ఇలా చూడండి. కాకపోతే ఒక తేడా గమనించాలి. ఆకు మీద పాము పాకినట్లు సన్నటి తెల్ల గీత వంకర్లు పోతే అది వేరే పురుగు, ఒక చిన్న ఈగ పిల్ల. అది 1990ల మొదట్లో మన దేశంలోకి వచ్చింది, టమోటాకు అంత ప్రాణాంతకం కాదు. గీతలా కాకుండా వెడల్పాటి మచ్చలా, పొక్కులా ఉండి, లోపల తల, కాళ్లు ఉన్న పురుగు కనిపిస్తే, తల వెనక నల్లటి పట్టీ కూడా ఉంటే, అది టూటా. ఈగ పిల్లకు కాళ్లుండవు. ఈ తేడా తెలియకపోతే ఒకదానికి కొట్టాల్సిన మందు ఇంకొకదానికి కొట్టి డబ్బులు పోగొట్టుకుంటారు.

లోపల ఉన్నంతసేపు దానికి ఎండ తగలదు, చీమకూ సాలీడుకూ కనబడదు, పైన పడే మందూ అంత సులభంగా అందదు. కానీ ఆకు ఎండిపోతే ఇల్లు ఖాళీ చేయక తప్పదు. అప్పుడు బయటికొచ్చి ఇంకో ఆకులోకో, లేత కొమ్మలోకో, కాయలోకో దూరుతుంది. నాలుగు దశలు పెరిగి, దాదాపు 8 మిల్లీమీటర్లయ్యాక, సన్నటి పట్టుదారం పట్టుకుని నేలకు దిగుతుంది. మట్టిలో గూడు కట్టుకుని కోశంగా మారుతుంది. కొన్ని ఆకు మడతలోనే ఆ పని కానిచ్చేస్తాయి. కోశం పగిలి రెక్కల పురుగు వస్తే మళ్లీ మొదటికి.

ఈ చక్రం ఎన్ని రోజులన్నది వేడిని బట్టి ఉంటుంది. దక్షిణ అమెరికాలో లెక్క కట్టినదాని ప్రకారం 14 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా 76 రోజులు, 20 డిగ్రీల దగ్గర 40 రోజులు, 27 డిగ్రీల దగ్గర 24 రోజులు పడుతుంది. ఈ అంకెలు చూశాక నాకు మామ కష్టం అర్థమైంది. సంక్రాంతి చలిలో నింపాదిగా నడిచే చక్రం, మార్చి దాటితే దాదాపు రెండింతల వేగం అందుకుంటుంది. సరిగ్గా ఎండాకాలం తోట కాయ పట్టే వేళకు. టమోటా తోట నాలుగు నెలలు నిలబడుతుందనుకుంటే ఒకే తోటలో నాలుగు తరాలు పుట్టొచ్చు. కాగితం మీద లెక్కేస్తే ఒక ఆడపురుగుకు 260 పిల్లలు, అందులో సగం ఆడవి, రెండో తరానికే 33,800. నిజంగా అన్నీ బతకవు, చాలా మటుకు చస్తాయి. కానీ అందులో పదో వంతు బతికినా తోటకు చాలు.

రేటు పడిన తోట

మామ తోటకు తూర్పు గట్టు దాటితే ఇంకొకాయన తోట. కాయలు ఎర్రగా పండి, కిందపడి, మెత్తబడి ఉన్నాయి. ఎవరూ కోయలేదు. “కోత కూలి, బాక్సు బాడుగ, ఆటో ఖర్చు కలిపితే వచ్చే రేటుకంటే ఎక్కువైతాది. ఇంగేం చేస్తాడు పాపం, ఇడిసిపెట్టేసినాడు” అన్నాడు మామ.

మందు కొట్టేవాళ్లు లేరు, నీళ్లు కూడా ఆపేశారు. ఆ తోటలో ఆకు ఆకుకూ పొక్కులే. కొమ్మ ఊపాల్సిన పని కూడా లేదు, నడిస్తేనే పురుగులు లేస్తున్నాయి.

అక్కడ నిలబడి చూస్తే ఒక విషయం తెలిసింది. మనం పురుగు వేరు, మార్కెట్ వేరు అనుకుంటాం. కానీ రేటు పడిపోయిన ప్రతిసారీ ఇలాంటి తోటలు పదులకొద్దీ అనాథలవుతాయి. అవి పురుగుకు పురిటిళ్లు. అందులో పుట్టిన పురుగులు నాలుగు వారాల తర్వాత, రేటు వస్తుందన్న ఆశతో పెట్టిన పక్క లేత తోటలోకి వెళ్తాయి. యార్డులో జనవరిలో పడిన రేటు, ఏప్రిల్‌లో ఇంకొకరి తోటలో పురుగై తేలుతుంది. చలి దేశాల్లో శీతాకాలం పంట ఉండదు కాబట్టి పురుగుకు కొంత ఎదురుదెబ్బ తగులుతుంది. మదనపల్లె చుట్టుపక్కల ఏ నెలలో చూసినా ఏదో ఒక తోట పచ్చగా ఉంటుంది. ఏడాది పొడుగునా టమోటా పండించగలగడం ఈ నేల అదృష్టం. పురుగుకూ అదే అదృష్టం. తిండి ఉన్నంతకాలం అది నిద్రాణంలోకి పోదు. టమోటా లేకపోతే వంగ, బంగాళదుంప, చివరికి గట్టు మీది కామంచి, ఉమ్మెత్తతో కాలక్షేపం చేస్తుంది.

మామకు ఆ తోటాయనతో బోరు విషయంలో పాత పేచీ. రెండేళ్లుగా మాటల్లేవు. “పీకేయమని నేనెట్లా అడిగేది? పీకే కూలి ఎవరిస్తారు అంటాడు” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మందు సీసాల లెక్క

మామ పాకలో ఖాళీ మందు సీసాలు ఒక గోతంలో ఉన్నాయి. ఊరికే ఏం చేయాలో తోచక అన్నీ బయటపెట్టి, పెద్దక్షరాల పేర్లు వదిలేసి, కింద చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేర్లు చదివాను. పోయిన పంటకు మామ ‘మార్చి మార్చి’ కొట్టిన మందుల్లో నాలుగు రకాల సీసాలు నిజానికి ఒకే కుటుంబానివి. డయమైడ్లంటారు. క్లోరాంట్రనిలిప్రోల్, సయాంట్రనిలిప్రోల్, ఫ్లూబెండియమైడ్ అన్నీ పురుగు కండరాల మీద ఒకే చోట దెబ్బ కొడతాయి. బ్రాండు మారింది, రంగు మారింది, ధర మారింది. పురుగుకు మాత్రం నాలుగుసార్లూ ఒకే దెబ్బ. ఆ దెబ్బను తట్టుకోగలిగిన కొన్ని బతికి, వాటి పిల్లలే తోట నిండా మిగులుతాయి. ఇటలీ, గ్రీసు తోటల్లో ఈ డయమైడ్లను తట్టుకునే టూటా పురుగులు ఉన్నట్లు 2015లోనే తేల్చారు. మన దేశంలోని తోటల్లోనూ మందులకు లొంగకపోవడాన్ని పరిశోధకులు గమనించారు.

“అంటే అంగడాయన మోసం చేసినాడా?” అన్నాడు మామ.

“అట్లా అనుకోలేం మామా. ఆయన దగ్గర ఏముంటే అది ఇచ్చినాడు. ఇంక మీదట సీసా మీద పెద్ద పేరు కాదు, చిన్న పేరు చూడు. ఒక తరం పురుగుకు ఒక కుటుంబం మందు, తర్వాతి తరానికి వేరే కుటుంబం” అని, ఇంట్లో గోడ కేలండరు మీద రాసిపెట్టా.

మామ దగ్గర ఇంకో ఆయుధం కూడా ఉంది, లింగాకర్షక బుట్ట. వెడల్పాటి తట్టలో నీళ్లు పోసి, కాస్త సబ్బు కలిపి, మధ్యలో ఆడపురుగు వాసన ఉన్న చిన్న రబ్బరు బిళ్ల వేలాడదీస్తారు. రాత్రి మగపురుగులు ఆ వాసనకు వచ్చి నీళ్లలో పడతాయి. పొద్దున లెక్కపెడితే నలభై మూడు. దీంతోనే పురుగు మొత్తం పోదు. ఒక మగపురుగు మిగిలినా పలు ఆడపురుగులతో జత కడుతుంది. ప్రయోగశాలలో కొన్ని ఆడపురుగులు మగతోడు లేకుండానే పిల్లల్ని కన్నట్లు కూడా చూశారు. కానీ లెక్క మాత్రం బాగా పనికొస్తుంది. రోజూ రాసుకుంటే సంఖ్య ఎప్పుడు ఎగబాకుతోందో కనబడుతుంది. అప్పుడే గుడ్ల మీద, చిన్న పిల్లల మీద దెబ్బ వేయాలి. పిల్ల లోపలికి పోయి లావెక్కాక మందు దండగ.

తోటలో స్నేహితులూ ఉన్నారు. సన్నగా, ఆకుపచ్చగా, పొడుగు కాళ్లతో ఒక నల్లి తిరుగుతుంటుంది. దాని పేరు నెసిడియోకోరిస్. టూటా గుడ్లకు ముక్కు గుచ్చి పీల్చేస్తుంది. తిండి దొరక్కపోతే టమోటా కొమ్మనూ కాస్త పీలుస్తుంది కాబట్టి పూర్తిగా మంచిదని చెప్పలేం. కానీ వారానికి రెండుసార్లు ఘాటు మందు పడే తోటలో మొదట చచ్చేది అదే. ఆకు లోపల ఉన్నది బతుకుతుంది, ఆకు పైన తిరిగే కాపలాదారు చస్తాడు.

కుప్పం: పెంచుకునే పురుగు

పుంగనూరు నుంచి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి బస్సులో మాట మారిపోతుంది. ముందు సీట్లో తమిళం, వెనక సీట్లో కన్నడం, కండక్టరు నోట మూడూ కలిసిన తెలుగు. మూడు రాష్ట్రాలు కలిసే మూల ఇది. మన ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ పెట్టడంలో ఆశ్చర్యం లేదు. 1990ల చివర్లో ఇజ్రాయెల్ పద్ధతి డ్రిప్పు సేద్యం అని రాష్ట్రమంతా మాట్లాడుకున్నదీ కుప్పం గురించే.

అక్కావాళ్ల షెడ్డు గడప దగ్గర చెప్పులు విడిచి, కాళ్లు చేతులు మందు నీళ్లతో కడుక్కుంటేగానీ లోపలికి రానివ్వరు. లోపల తట్టల మీద పట్టుపురుగులు మల్బరీ ఆకు మేస్తుంటే సన్నటి వాన చినుకుల చప్పుడు. “మూడో జ్వరం లేచినాయి, ఇంగ రెండు వారాల్లో గూటికి వస్తాయి” అంది అక్క. పురుగు పొర విడవడానికి మేత మాని తల ఎత్తి నిలబడటాన్ని ఇక్కడ జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటాక చంద్రికల మీదికి ఎక్కిస్తే గూడు కడతాయి.

ఇదీ చిమ్మెట జాతిదే. టమోటా పురుగుకూ దీనికీ కథ ఒకటే. గుడ్డు, పిల్ల, కోశం, రెక్కలు. రెండూ పట్టుదారం తీస్తాయి. ఒకదాన్ని మనం గడప కడిగి, వేళకు మేత పెట్టి, జ్వరమొస్తే చప్పుడు చేయకుండా తిరిగి పెంచుకుంటాం. రెండోదాన్ని అప్పు చేసి చంపుతాం. మందుకు మాత్రం ఈ తేడా తెలియదు. పక్క టమోటా తోటలో కొట్టిన డయమైడ్ మందు గాలికి తేలి వచ్చి మల్బరీ ఆకు మీద కాస్త పడినా, ఆ ఆకు తిన్న పట్టుపురుగులు ముడుచుకుని పడిపోతాయి. ఇరవై రోజుల కష్టం ఒక పూటలో పోతుంది.

రెండేళ్ల కిందట బావవాళ్లకు ఒక పంట అట్లాగే పోయింది. పక్క టమోటా రైతుతో పెద్ద గొడవైంది. పెద్ద మనుషులు కూర్చోబెట్టి తెగ్గొట్టిన తీర్పు నాకు బాగా నచ్చింది. టమోటా ఆయన మందు కొట్టే ముందు రోజు ఫోను చేయాలి. బావ ఆ సాయంత్రమే గట్టు పక్క ఆకు కోసి షెడ్డులో పెట్టుకుంటాడు. గాలి మల్బరీ వైపు వీస్తుంటే ఆ పొద్దు కొట్టకూడదు. గట్టు పొడుగునా బావ అవిసె చెట్లు పెట్టాడు, తెరలా ఉంటుందని. గట్టు పక్క రెండు వరుసల ఆకు ఎప్పుడూ పురుగులకు వేయడు. దానికి బదులు బావ చేసేది ఒకటుంది. టమోటా పంట అయిపోగానే ఆ తోట పీకడానికి తన మనుషుల్ని ఒక రోజు పంపుతాడు.

“ఆయన తోట శుభ్రంగా ఉంటే ఆయన మందు తక్కువ కొడతాడు. ఆయన మందు తక్కువ కొడితే నా పురుగులు బతుకుతాయి. నా సొంత లాభానికే పంపేది” అన్నాడు బావ నవ్వుతూ.

నేను ఫోను తీసి ఈ మాట మామకు అప్పటికప్పుడే చెప్పాను. పీకిన చెట్లను గట్టు మీద కుప్పేస్తే లాభం లేదని కూడా చెప్పాను. కుప్పలోంచి పురుగులు ఎగురుతూనే ఉంటాయి. గుంత తీసి పూడ్చాలి, లేదంటే ప్లాస్టిక్ పట్ట కప్పి అంచుల మీద మట్టి పోసి ఎండకు మగ్గనివ్వాలి. తర్వాత నేల లోతుగా దున్ని నాలుగైదు వారాలు టమోటా, వంగ, దుంప జాతి ఏదీ పెట్టకపోతే మట్టిలోంచి వచ్చిన పురుగుకు తిండి దొరకదు. ఒక రైతు చేస్తే సగం లాభం, గట్టుకు రెండు వైపులా చేస్తేనే పూర్తి లాభం.

మామ అంతా విని, “కూలి నేనిస్తే ఆయన కాదంటాడా?” అన్నాడు. అది నన్ను అడిగినట్లు లేదు.

కుప్పం స్టేషన్లో బెంగళూరు రైలెక్కాను. నాలుగు రోజుల తర్వాత మామ ఫోను చేశాడు. పక్కాయన దగ్గరికి మామ సొంతంగా పోలేదట. అత్తను పంపాడట. ఆమె వాళ్లింటికి కొత్త అరిసెలు తీసుకెళ్లి, మాట కలిపి వచ్చింది. కూలి ఇద్దరూ చెరి సగం. మొత్తం పొలంలో కాకుండా సగంలోనే టమోటా పెడతాడు, అదీ నేల ఆరబెట్టాక మార్చిలో. మిగతా సగంలో అలసంద.

“రేటు వచ్చినా రాకపోయినా అలసంద తిననైనా తినొచ్చు” అన్నాడు. “శనివారం పీకుడు పెట్టుకున్నాం. మనుషులు తక్కువ ఉండారు, నువ్వు వస్తావా?”

వెళ్తున్నాను. చేతి తొడుగులు కూడా కొన్నాను.